మళ్లీ మళ్లీ అదే చోట తుప్పు: లాసన్స్ బే కాలనీలో ఒక పోత ఇనుప పెనం కేస్ స్టడీ

2023 జూన్ చివరి వారంలో విశాఖపట్నం లాసన్స్ బే కాలనీ నుంచి ఒక గృహిణి తమ అట్ల పెనాన్ని పాత తువ్వాలులో చుట్టి నా దగ్గరకు తెచ్చారు. పెనం వ్యాసం 11 అంగుళాలు, బరువు 2 కిలోల 600 గ్రాములు. పూర్ణా మార్కెట్‌లో కొని రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో ఆవిడ దానికి ఏడుసార్లు మొదటి నుంచి సీజనింగ్ చేశారు, అంటే నూనె రాసి కాల్చి నల్లటి పూత పట్టించారు. చేసిన ప్రతిసారీ వారం పది రోజులు అట్టు చక్కగా లేచి వచ్చేదట. ఆ తర్వాత నల్లటి పూత మీద ఆవగింజంత నారింజ రంగు చుక్కలు పొడుచుకొచ్చేవి, అట్టు అడుగున తుప్పు మరకలు అంటేవి, ఇంట్లో పిల్లలు ఆ అట్టు పక్కకు నెట్టేసేవారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక పోత కర్మాగారంలో నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేశాను. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మా ఇంటి వెనక వసారాలో పాత ఇనుప పాత్రలను బాగుచేస్తున్నాను. తుప్పు పట్టిన పెనాలు నా దగ్గరకు రావడం కొత్త కాదు. చాలావాటికి కారణం తడి, లేదా మందంగా పూసిన నూనె. కానీ ఆవిడ చెప్పిన ఒక్క మాట నన్ను ఆపింది. "మాస్టారూ, ఎంత నూనె పట్టించినా మళ్లీ అక్కడే వస్తోందండీ" అన్నారు. ఈ వ్యవహారమంతా ఆ "అక్కడే" అన్న మాటలోనే ఉంది. తడి వల్ల వచ్చే తుప్పు నీళ్లు నిలిచే అంచు దగ్గర చారలుగా వస్తుంది. సీజనింగ్ పలచబడితే బూడిదరంగు మచ్చలు వస్తాయి, అట్టు అంటుకుంటుంది. ఒకే చోట, విడివిడిగా, చుక్కలుగా తుప్పు లేస్తోందంటే ఆ చోట లోహంలో ఏదో కూర్చుని ఉందని అర్థం.

ఆవిడ మాట నిజమో కాదో ముందు తేల్చుకోవాలనిపించింది. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం పెనం మీద పరిచి, ప్రతి చుక్కనూ మార్కర్‌తో గుర్తించాను. మొత్తం 23 వచ్చాయి. ఆవిడ ఫోనులో మార్చి నెలలో తీసిన ఫోటో ఒకటి ఉంది. దానితో పోల్చి చూస్తే 17 చుక్కలు ఉన్నచోటనే ఉన్నాయి. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి చూసినప్పుడు ప్రతి చుక్క కిందా గుండుసూది మొనంత గుంట కనబడింది. మన బజారులో దొరికే పెనాలు ఇసుక అచ్చులో పోసినవి గనుక పుట్టుకతోనే కొంత గరుకుగా ఉంటాయి, కాబట్టి గుంటలు ఉండటం తప్పు కాదు. కొన్ని గుంటలు మాత్రమే ఎందుకు తుప్పు పడుతున్నాయన్నది ప్రశ్న.

నా మొదటి అంచనా సముద్రపు గాలి. వాళ్ల ఫ్లాట్ అయిదో అంతస్తులో ఉంది, వంటగది కిటికీ తూర్పున సముద్రం వైపు తెరుచుకుంటుంది, పెనం ఎప్పుడూ ఆ కిటికీ గట్టు మీదే నిలబెట్టి ఉండేది. తీరం వెంబడి ఇళ్లలో కిటికీ ఊచలు, స్కూటర్ల సైలెన్సర్లు ఎలా తినేసుకుపోతాయో విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. అందుకని పెనాన్ని లోపలి అలమరాలోకి మార్చమని చెప్పాను. దానితోపాటు నిగనిగలాడేలా రుద్దిన రెండు చిన్న ఇనుప పలకలు ఇచ్చి, ఒకటి కిటికీ గట్టు మీద, ఇంకొకటి అలమరాలో పెట్టమన్నాను. పది రోజుల తర్వాత గట్టు మీది పలక అంతటా సమంగా, పలచగా పసుపు గోధుమరంగు తుప్పు పట్టింది. అలమరాలోని పలకకు అంచుల్లో మాత్రమే కొద్దిగా మరక వచ్చింది. గాలిలో ఉప్పు ఉందన్న మాట నిజమే, కానీ ఆ ఉప్పు తెచ్చే తుప్పు సమంగా పరుచుకుంటోంది. ఇక అలమరాలో భద్రంగా ఉన్న పెనం మీద, ఆ పది రోజుల్లోనే, పాత చోట్ల చుక్కలు మళ్లీ లేచాయి. నా అంచనా ఈ పెనం విషయంలో సగం కూడా సరికాలేదు.

మరో ఆధారం అదే వంటగదిలో అంతకుముందే నా కళ్లెదుట ఉంది, నేను దాని విలువ గుర్తించలేదు. ఆవిడ అత్తగారిది ఒక పోత ఇనుప మూకుడు ఉంది. కురుపాం మార్కెట్‌లో నలభై ఏళ్ల కిందట కొన్నారట. వారానికి రెండుసార్లు అందులో మినపరొట్టె కాలుస్తారు, మిగతా రోజుల్లో వేపుళ్లు చేస్తారు. అదే ఇల్లు, అదే గాలి, అదే కుళాయి నీళ్లు. దాని మీద ఒక్క చుక్క లేదు, లోపలి భాగం పట్టుబట్టలా మెరుస్తోంది. ఆ ఇద్దరూ తమ తమ పాత్రలు ఎలా కడుగుతారో కూర్చుని చూస్తానని అడిగాను.

అత్తగారు మూకుడు ఇంకా వేడిగా ఉండగానే గోరువెచ్చని నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో కాస్త సబ్బు వేసి తోమి, కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, పాత నూలుగుడ్డతో కాస్త నూనె అద్ది తుడిచారు. కోడలు పద్ధతి వేరు. పోత ఇనుముకు నీళ్లు తగలకూడదని, సబ్బు అసలే పనికిరాదని ఎవరో వీడియోలో చెప్పారట. ఆవిడ వేడి పెనం మీద పిడికెడు కల్లుప్పు పోసి, సగం కోసిన ఉల్లిపాయతో గుండ్రంగా రుద్దారు. ఉల్లిపాయ రసం తగిలి ఉప్పు చుట్టూ తడి చేరింది. ఆ ఉప్పును సింకులోకి దులిపి, పొడిగుడ్డతో తుడిచి, పైన నూనె రాశారు. నీళ్లు ఒక్క చుక్క కూడా పోయలేదు. రోజుకు ఒకసారి చొప్పున రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నారు, అదీ ఎంతో శ్రద్ధగా.

ఉప్పుతో రుద్దడం కొత్త పద్ధతి కాదు, పొడి దేశాల్లో దానివల్ల పెద్ద నష్టమూ లేదు. విశాఖలో మాత్రం లెక్క వేరు. శుద్ధమైన ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను లాక్కుని తనంతట తాను కరిగి నీరవుతుంది. వర్షాకాలంలో మన ఊళ్లో తేమ ఆ గీత దాటడం నిత్యం జరిగేదే. కల్లుప్పు సముద్రపు నీటిని మళ్లల్లో ఎండబెట్టి తీసినది గనుక అందులో కొద్దిగా మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. డబ్బాలోని కల్లుప్పు వానాకాలంలో చెమ్మగిల్లి ముద్దకట్టడం వెనక ఉన్న సంగతి ఇదే. అలాంటి ఉప్పు రేణువు ఒకటి పెనం గుంటలో ఇరుక్కుని, పైన నూనె పొర పడితే, ఆ గుంటలో ఎప్పుడూ ఒక ఉప్పునీటి బొట్టు ఉన్నట్టే లెక్క. నూనె పొర తేమను పూర్తిగా ఆపలేదు. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఇనుమును తిన్నాక ఖర్చయిపోదు. ఇనుముతో కలిసి, నీటితో విడివడి, తుప్పును వదిలి, మళ్లీ పక్కనున్న ఇనుము మీదికి పోతుంది. ఆవిడ ఏడుసార్లు తుప్పు గీకి, ఏడుసార్లు అదే గుంటల మీద నూనె కాల్చి మూత వేశారు. మూత కింద పని జరుగుతూనే ఉంది.

ఇది ఊహగా మిగలకూడదని సిల్వర్ నైట్రేట్ పరీక్ష చేశాను. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచిన దూదిని చుక్క ఉన్నచోట నిమిషంపాటు అదిమి, ఆ దూదిని గాజు గొట్టంలో పిండి, రెండు చుక్కల పలుచని నైట్రిక్ ఆమ్లం వేసి, పైన సిల్వర్ నైట్రేట్ వేస్తే, క్లోరైడ్ ఉన్నప్పుడు పాలు కలిపినట్టు తెల్లగా మారుతుంది. కుళాయి నీళ్లలోనే క్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఈ పరీక్షకు ఆ నీళ్లు పనికిరావు. ఆమ్లం వేయకపోతే సోడా అవశేషాలు కూడా తెల్లదనం చూపి మోసం చేస్తాయి. చుక్కల మీద అదిమిన దూది నీరు చిక్కగా తెల్లబడింది. పెనం మీదే చుక్కల్లేని చోట తీసిన నీరు కొద్దిగా మసకబారింది. మూకుడు లోపల తీసినది తేటగా నిలిచింది. గోడ పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్న అత్తగారికి మూడు గొట్టాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. "ఉప్పు తిన్నది నీళ్లు తాగక మానుతుందా బాబూ" అన్నారామె. నేను పేజీలకొద్దీ రాసుకున్న వివరణకు అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు.

చికిత్స

మామూలుగా తుప్పు పెనానికి చేసే పని, అంటే గీకి, కాల్చి, నూనె పట్టించడం, ఇక్కడ చేయకూడదు. ముందు ఉప్పును బయటికి రప్పించాలి. సముద్రం అడుగు నుంచి తీసిన పాత ఫిరంగులనూ లంగర్లనూ భద్రపరిచేవారు వాటిని నెలల తరబడి క్షార ద్రావణంలో ఉంచి, లోపల ఇంకిన క్లోరైడ్‌ను నెమ్మదిగా లాగుతారు. పెనానికి అంత కాలం అక్కరలేదు గానీ సూత్రం అదే.

ప్లాస్టిక్ తొట్టెలో 10 లీటర్ల నీళ్లు పోసి 250 గ్రాముల కాస్టిక్ సోడా కలిపాను. ఎప్పుడూ నీళ్లలోకి సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. రబ్బరు తొడుగులు, రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పని ఎవరూ తలపెట్టకూడదు, పిల్లలు తిరిగే చోట అసలు వద్దు. అల్యూమినియం పాత్రలను దాని దరిదాపులకు తేకూడదు, అది ఆ లోహాన్ని తినేస్తుంది. ఇనుమును మాత్రం ముట్టదు. రెండు రోజుల్లో ఏడుసార్ల సీజనింగ్ మొత్తం బురదలా ఊడి వచ్చింది. ఆ పొరల్లో ఒకటి అవిసె నూనెతో వేసినది, అది మాత్రం చేపపొలుసుల్లా పెళ్లలు పెళ్లలుగా లేచింది.

తుప్పు తీయడానికి వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి 30 నిమిషాలు నానబెట్టి, ఇత్తడి తీగల బ్రష్‌తో గుంటలు రుద్దాను. అరగంట దాటితే ఆమ్లం ఇనుమునే తినడం మొదలుపెడుతుంది గనుక రాత్రంతా నానబెట్టమన్న సలహాలను నేను ఒప్పుకోను. ఆ తర్వాత అసలు పని. పెనాన్ని శుభ్రంగా కడిగి, చాకలి సోడా కలిపిన వేడి నీళ్లలో ముంచి ఉంచి, రోజుకు ఒకసారి నీళ్లు మార్చుతూ వచ్చాను. మార్చిన ప్రతిసారీ పెనాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, గుంటల మీద దూది పరీక్ష చేశాను. మొదటి రోజు గొట్టం బాగా తెల్లబడింది, మూడో రోజు మసకగా ఉంది, ఆరో రోజుకు తేటపడింది. ఇనుప సామాను బాగుచేసే పనిలో ఇన్నేళ్లు ఉండి కూడా, ఏమీ కనబడని ఒక గొట్టం కోసం అంత ఎదురుచూడటం నాకు అదే మొదటిసారి.

ఆరబెట్టడంలో ఆలస్యం చేస్తే కళ్లముందే తుప్పు కమ్ముకుంటుంది. తీసిన వెంటనే తుడిచి, సన్నని మంట మీద అయిదు నిమిషాలు ఉంచి, చెయ్యి పట్టగలిగే వేడి ఉండగానే మొదటి నూనె రాశాను.

నూనె ఎంపిక గురించి ఒక మాట చెప్పాలి. సీజనింగ్ అంటే నూనె ఇంకడం కాదు. పలుచని నూనె పొర వేడికి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, అణువులు ఒకదానికొకటి అల్లుకుని, గట్టి పూతగా మారడం. ఆ అల్లిక ఎంత తేలికగా జరుగుతుందో అయోడిన్ సంఖ్య చెబుతుంది. అవిసె నూనెకు అది 170 పైన, పొద్దుతిరుగుడు నూనెకు 120 నుంచి 140 వరకు, వేరుశనగ నూనెకు 85 నుంచి 105 వరకు, కొబ్బరి నూనెకు 10 దగ్గర ఉంటుంది. కొబ్బరి నూనె పెనానికి పూత ఇవ్వదు, జిడ్డుగానే మిగులుతుంది. అవిసె నూనె గట్టి పూతే ఇస్తుంది, కానీ అది పెళుసు, అట్లకాడ తగిలితే లేచిపోతుంది. అందుకే నేను ఇంట్లో ఉండే రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనెనే వాడతాను. అంతకన్నా ముఖ్యమైనది నూనె ఎంత తక్కువ ఉందన్నది. పావు చెంచా నూనె పెనమంతా రాసి, పొరపాటున రాశామన్నట్టు మళ్లీ పూర్తిగా తుడిచేయాలి. మెరుపు కనబడితే ఎక్కువైనట్టే, అది బంకగా మారుతుంది.

ఈ పెనం ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, పట్టలేదు. గ్యాస్ పొయ్యి మీద మధ్యభాగం ముందు కాలిపోతుంది, ఎందుకంటే పోత ఇనుము వేడిని నిలుపుకుంటుంది గానీ అల్యూమినియంలా చుట్టూ పంచదు. అందువల్ల మధ్య మంట మీద పెట్టి, మూడు నిమిషాలకోసారి ఒక పక్కకు జరుపుతూ, పొగ లేచి సన్నబడేదాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ రాశాను. కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని చేయవలసిన పని ఇది. ఒక్కో పొరకు ముప్పావు గంట చొప్పున, రెండు రోజుల్లో అయిదు పొరలు వేశాను. కొత్త పెనంలో మూడు రోజులు గంజి నిలవబెట్టే మన పాత పద్ధతి గురించి ఆవిడ అడిగారు. ఆ పద్ధతి అచ్చు తాలూకు మసినీ, అమ్మేవాళ్లు తుప్పు పట్టకుండా పూసే నూనెనూ వదలగొట్టడానికి మంచిదే, కానీ పూత పనిని నూనే చేయాలి.

ఎనామెల్ గిన్నె

పెనం తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆవిడ ఇంకో పాత్ర చూపించారు. బయట నీలం, లోపల తెల్ల ఎనామెల్ పూసిన నాలుగు లీటర్ల పోత ఇనుప గిన్నె, విదేశాల్లో ఉన్న తమ్ముడు తెచ్చి ఇచ్చినది. చింతపండు పులుసు ఇనుప మూకుట్లో కాస్తే సీజనింగ్ పోయి, పులుసు నల్లబడి, లోహపు రుచి వస్తుందని తెలుసుకుని, వంజరం పులుసుకు ఈ గిన్నె వాడుతున్నారు. ఆ ఆలోచన పూర్తిగా సరైనది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది, ఎనామెల్‌ను ఏమీ చేయలేదు.

తప్పు జరిగింది వేరే చోట. ఎనామెల్ అంటే 800 డిగ్రీల దరిదాపుల్లో ఇనుము మీద కరిగించి అతికించిన గాజు. ఆవిడ ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద కాల్చి పోపు వేసి, ఆవాలు చిటపటలాడుతుండగా చల్లని చింతపండు నీళ్లు ఒక్కసారిగా పోసేవారు. అల్యూమినియం గిన్నెలో మనమందరం చేసే పనే అది. గాజు మాత్రం పైపొర చటుక్కున కుంచించుకుపోయి, కింద ఇనుము ఇంకా వ్యాకోచించే ఉండటంతో, చిట్లుతుంది. లోపల తడి పసుపు ముద్ద రాసి అయిదు నిమిషాల తర్వాత కడిగి చూపించాను. అడుగంతా వెంట్రుకవాసి పసుపు గీతలు సాలెగూడులా తేలాయి. ఆ గీతలు కలిసే చోట ఆవగింజంత పెచ్చు అప్పటికే లేచిపోయి, కింద నల్లటి ఇనుము కనబడుతోంది.

దీనికి ఇంటి వైద్యం లేదు. బజారులో దొరికే అతుకు మందులు వంట వేడికీ, తిండికీ పనికివచ్చేవి కావు. పెచ్చు లేచిన అంచు నుంచి ఇంకా గాజు ముక్కలు ఊడి కూరలో పడవచ్చు. లోపలివైపు, అందునా అడుగున పెచ్చు లేచిన గిన్నెలో ఇక వండవద్దని నేను కచ్చితంగా చెప్పాను. తమ్ముడు మోసుకొచ్చిన గిన్నె అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చెప్పడం నాకూ కష్టంగానే అనిపించింది. అంచు బయటివైపు మాత్రమే పెచ్చు లేచి ఉంటే నా తీర్పు వేరేగా ఉండేది. పులుసుకు మట్టి దాక గానీ, స్టీలు గిన్నె గానీ వాడమన్నాను. మళ్లీ ఎనామెల్ కొంటే పోపు సన్నమంట మీదే వేసి, పులుసు నీళ్లు వెచ్చబెట్టి పోయాలనీ, చెక్క గరిటె వాడాలనీ, గరిటెను అంచుకు కొట్టి దులపకూడదనీ రాసి ఇచ్చాను.

తర్వాతి నెలలు

పెనానికి పెట్టిన నియమాలు కొద్దివే. వాడిన వెంటనే, వేడి పూర్తిగా ఆరకముందే, వెచ్చని నీళ్లతో కడగాలి. అంటినది ఉంటే కొబ్బరి పీచు, కాస్త గిన్నెలు కడిగే సబ్బు వాడవచ్చు. సీజనింగ్ పూతను మామూలు సబ్బు కరిగించలేదు, కాస్టిక్ లాంటి ఘాటైన క్షారమే ఆ పని చేస్తుంది. పిండిలో ఉప్పూ, పులుపూ రెండూ ఉంటాయి కాబట్టి అట్టు పోసిన పెనాన్ని కడగకుండా రాత్రంతా వదలకూడదు. కడిగాక మంట మీద రెండు నిమిషాలు ఆరబెట్టి, బొట్టు నూనె తుడిచి, అలమరాలో పెట్టాలి. కల్లుప్పు పెనం దగ్గరకు రాకూడదు. మొదటి పది రోజులు నూనె కాస్త ఎక్కువ పడే మినపట్లే పోయమన్నాను. ఉల్లిపాయ ముక్కతో పెనం తుడిచే అలవాటు ఆవిడకు ఇష్టం. నూనెలో ముంచి తుడిచినంతవరకు అందులో తప్పేమీ లేదు.

జులై చివర్లో ప్లాస్టిక్ కాగితం పట్టుకుని వెళ్లి చూశాను. 23 చుక్కల్లో రెండు తిరిగి లేచాయి, రెండూ పిడి దగ్గర లోతైన గుంటల్లోవి. పెనమంతా ఊడదీయకుండా, ఆ రెండు చోట్ల మాత్రం చాకలి సోడా తడిపిన దూది ముద్దలు రోజూ మార్చుతూ నాలుగు రోజులు ఉంచి, తేటపడ్డాక కడిగి, ఆరబెట్టి, మూడు పొరలు నూనె కాల్చాను. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల ముసురులో మళ్లీ చూసినప్పుడు ఒకటి పూర్తిగా నిలిచింది, రెండోది గోధుమరంగు నీడలా మిగిలి ఉంది. దాని మీద తీసిన దూది నీరు ఒక పిసరు మసకబారింది. ఆ గుంటకు ఇంకో విడత సోడా దూది పెట్టి వచ్చాను, సంక్రాంతి తర్వాత మళ్లీ చూడాలి. ఆ ఉదయం ఆవిడ నా ఎదుటే పెసరట్టు పోశారు. అట్లకాడ కిందికి వెళ్లకముందే అంచులు లేచాయి. ఎనామెల్ గిన్నె కిటికీ గట్టు మీద పెనం ఉండే చోటే ఉంది, అందులో కరివేపాకు మొక్క నాటారు.